గాజు పారదు: స్ఫటికం కాని ఘనపదార్థాల సంగతి

పల్లీ పట్టీకి పాకం పట్టేవాళ్ళు థర్మామీటరు చూడరు. పొయ్యి పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు పెట్టుకుని, గరిటెతో రెండు చుక్కలు అందులో వేస్తారు. వేళ్ళ మధ్య మెత్తగా ఉండ కడితే అది ఉండపాకం. అరిసెలకు సరిపోతుంది కానీ పట్టీకి చాలదు. ఇంకాసేపు ఉడికించి మళ్ళీ వేస్తారు. ఈసారి నీళ్ళలో గట్టిపడిన ఉండను తీసి పళ్ళానికేసి కొడితే టంగుమని మోగుతుంది. నొక్కితే సాగదు, పుటుక్కున విరుగుతుంది. అప్పుడు పొయ్యి ఆపి, వేయించిన పల్లీలు పోస్తారు.

ఆ టంగుమన్నది ఒక గాజు. మాటవరసకు అంటున్నది కాదు. కిటికీ అద్దాన్ని శాస్త్రజ్ఞులు ఏ అర్థంలో గాజు అంటారో, సరిగ్గా అదే అర్థంలో ముదురు పాకం కూడా గాజే.

ఇదే చక్కెరను చిక్కటి ద్రావణం చేసి, అందులో దారం వేలాడదీసి, రోజుల తరబడి కదపకుండా వదిలేస్తే పటికబెల్లం వస్తుంది. దాని పలుకు చేతిలోకి తీసుకుని చూస్తే చదునైన ముఖాలు, పదునైన అంచులు కనిపిస్తాయి. పలుకు చిన్నదైనా పెద్దదైనా ముఖాల మధ్య కోణాలు మారవు. తిరునాళ్ళలో అమ్మే పీచుమిఠాయి సంగతి వేరు. కరిగిన చక్కెర, గిర్రున తిరిగే గిన్నె రంధ్రాల్లోంచి గాలిలోకి దూకి క్షణంలో చల్లారిపోతుంది. ఆ పీచుకు ముఖాలూ లేవు, అంచులూ లేవు. పటికబెల్లంలోనూ పీచుమిఠాయిలోనూ ఉన్నవి అవే సుక్రోజ్ అణువులు. కుదురుకోవడానికి ఒకదానికి రోజులు దొరికాయి, రెండోదానికి క్షణం కూడా దొరకలేదు.

మొదటి రకాన్ని స్ఫటిక ఘనం అంటారు. రెండోది అస్ఫటిక ఘనం, ఇంగ్లిషు పేరుతో అమార్ఫస్ ఘనం. ఆకారం లేనిది అని ఆ గ్రీకు మాటకు అర్థం. రెండు పేర్లూ లేనిదాన్నే చెబుతాయి తప్ప ఉన్నదాన్ని చెప్పవు. ఈ పదార్థాల గురించి పాఠాల్లో పాతుకుపోయిన అపోహలకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది. స్ఫటికం కాదు అన్నారు కాబట్టి లోపలంతా గందరగోళం అనుకుంటాం. గందరగోళం ద్రవాల లక్షణం కాబట్టి ఇదీ ఒక రకం ద్రవమే అనుకుంటాం. రెండూ నిజం కావు.

లోపల ఏముందో చూడడానికి ఊళ్ళనే ఉదాహరణగా తీసుకోవచ్చు. కొత్తగా వేసిన లేఅవుట్లో ప్లాట్లన్నీ ఒకే కొలత, రోడ్లన్నీ ఒకే వెడల్పు. ఒక మూల నిలబడి ఎనిమిదో వరుసలో పదో ఇల్లు ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పవచ్చు. స్ఫటికం అలాంటిది. ఒకే అమరిక మూడు దిక్కులా మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ చట్రాన్ని స్ఫటిక జాలకం అంటారు. పాత పల్లెటూరు వేరు. అక్కడా ప్రతి ఇంటికీ వాకిలి ఉంది, అరుగు ఉంది, పెరడు ఉంది, అటూ ఇటూ పొరుగిళ్ళు ఉన్నాయి. ఏ ఇంటి దగ్గర ఆగి చూసినా అమరిక పద్ధతిగానే ఉంటుంది. కానీ సందు తిరిగి ముందుకు పోతే, పదో ఇల్లు ఎక్కడొస్తుందో ఈ చివర నుంచి చెప్పలేం. అస్ఫటిక ఘనం ఆ పల్లెటూరు. దగ్గరి క్రమం ఉంటుంది, దూరపు క్రమం ఉండదు. ద్రవమైతే ఇళ్ళే నిమిషానికో చోటుకు మారిపోయే ఊరు. గాజులో ఇళ్ళు కదలవు. గాజుకూ ద్రవానికీ ఉన్న తేడా అదే, అది చిన్న తేడా కాదు.

మామూలు గాజులో ఇంటి పాత్ర పోషించేది ఒక సిలికాన్ పరమాణువు, దాని చుట్టూ నాలుగు మూలల్లో నాలుగు ఆక్సిజన్లు. గాజులో ఎక్కడ వెతికినా, స్ఫటికమైన క్వార్ట్జ్‌లో వెతికినా, ఈ చతుర్ముఖి మారదు. మారేది ఒక చతుర్ముఖికీ పక్కదానికీ మధ్య ఉండే వంపు. క్వార్ట్జ్‌లో ఆ వంపు అంతటా ఒకేలా వస్తుంది, గాజులో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. చిన్న చిన్న తేడాలే. నాలుగైదు చతుర్ముఖులు దాటేసరికి అవి పోగుపడి దిక్కు తెలియకుండా పోతుంది. ఈ చిత్రాన్ని 1932లో స్పష్టంగా గీసినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన విలియం జకరాయాసెన్. ఆ అమరికలో సందులు ఎక్కువ కాబట్టి సాంద్రత కూడా తగ్గుతుంది. క్వార్ట్జ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములైతే, అదే సిలికాను కరిగించి చేసిన గాజుది 2.20 గ్రాములు.

స్వచ్ఛమైన సిలికా కరగాలంటే 1700 డిగ్రీల సెల్సియస్ దాటాలి. కిటికీ అద్దాలకు అంత వేడి గిట్టుబాటు కాదు కాబట్టి ఇసుకలో సోడా, సున్నం కలుపుతారు. సోడియం వెళ్ళి సిలికాన్, ఆక్సిజన్ల గొలుసును అక్కడక్కడ తెంపుతుంది. వల వదులవుతుంది, తక్కువ వేడికే మెత్తబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని గూడూరు చుట్టుపక్కల, చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే తెల్లటి సిలికా ఇసుకకు గిరాకీ గాజు పరిశ్రమ వల్లే.

లోపలి అమరికను కళ్ళకు చూపించేది ఎక్స్-రే. స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలను పంపితే ఫిల్మ్ మీద పదునైన చుక్కలు పడతాయి. దాన్ని పొడి చేసి పంపితే సన్నటి గీతల వలయాలు పడతాయి. గాజు గుండా పంపితే ఒకటో రెండో మసక వలయాలు మాత్రం వస్తాయి, తెల్లటి పొగలా. ప్రయోగశాలల్లో దాన్ని హేలో అంటారు. తెలుగులో దీనికి చక్కటి మాట ముందే ఉంది, వరదగుడి. వానకు ముందు చంద్రుడి చుట్టూ కట్టే ఆ మసక వలయం. పోలిక చూపుకే పరిమితం. ఆకాశంలో వరదగుడి కట్టేది పైమబ్బుల్లోని మంచు స్ఫటికాల వల్ల, ఫిల్మ్ మీద వలయం మసకబారేది స్ఫటికం లేకపోవడం వల్ల. ఆ మసక వలయం కూడా వట్టిది కాదు. పొరుగు పరమాణువు సగటున ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది. లోపల నిజంగా ఏ క్రమమూ లేకపోతే ఆ వలయం కూడా పడదు.

మాటల దగ్గర కాస్త ఆగాలి. అస్ఫటికం, గాజు, అతిశీతల ద్రవం అనే మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. అస్ఫటికం పెద్ద గొడుగు. దూరపు క్రమం లేని ఘనం ఏ దారిన వచ్చినా ఆ గొడుగు కిందికే వస్తుంది. వేడి ఆవిరిని చల్లటి పలక మీద పేర్చి చేయవచ్చు, స్ఫటికాన్ని ఇనుప గుండ్లతో గంటల తరబడి నూరి చేయవచ్చు. యురేనియం, థోరియం ఉన్న జిర్కాన్ లాంటి ఖనిజాలు తమ లోపలి రేడియోధార్మికత దెబ్బలకు యుగాల మీద తామే స్ఫటికత్వం కోల్పోతాయి. గాజు అన్నది ఆ గొడుగు కింద ఒక రకం. వేడి చేస్తే ఒక నిర్దిష్టమైన మార్పు దాటి మెత్తబడేదే గాజు. ఇక అతిశీతల ద్రవం, గడ్డకట్టే ఉష్ణోగ్రత కంటే కిందికి దిగినా ఇంకా నిజమైన ద్రవంగానే ఉన్నది. దుకాణంలో క్రిస్టల్ గ్లాస్ పేరుతో అమ్మే మెరిసే గ్లాసులున్నాయి కదా, వాటిలో స్ఫటికం లేదు. సీసం ఆక్సైడో దాని బదులు మరో ఆక్సైడో కలిపిన అచ్చమైన గాజు అది. మన దగ్గర స్ఫటికమాలగా మెడలో వేసుకునేది మాత్రం, అసలుదైతే, క్వార్ట్జ్. ఆ పేరు తప్పు కాదు.

ఇప్పుడు మళ్ళీ పాకం దగ్గరికి రావాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. సుక్రోజ్ స్ఫటికం సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగిన చక్కెరను చల్లారుస్తూ పోతే, ఆ ఉష్ణోగ్రత దాటగానే స్ఫటికంగా మారాలి. కానీ సుక్రోజ్ అణువు పెద్దది, వంకర టింకరది, పక్క అణువులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటుంది. సరైన చోటికి సరైన కోణంలో తిరగాలంటే వ్యవధి కావాలి. అది కుదిరేలోపే ద్రవం చిక్కబడుతుంది. చిక్కదనానికి శాస్త్రం పేరు స్నిగ్ధత. చల్లారిన కొద్దీ స్నిగ్ధత మెల్లగా పెరగదు. మొదట పదింతలు, కాసేపటికి వెయ్యింతలు, ఆ తర్వాత కొన్ని డిగ్రీల తేడాలోనే లక్షల రెట్లు పెరుగుతుంది. చివరికి నీటి స్నిగ్ధతకు సుమారు వెయ్యి లక్షల కోట్ల రెట్లకు చేరుతుంది. అంటే 1 పక్కన 15 సున్నాలు. అక్కడ ఒక అణువు తన చోటు మార్చుకోవడానికి నిమిషం, రెండు నిమిషాలు పడుతుంది. ఇంకాస్త చల్లారిస్తే గంటలు, రోజులు, ఏళ్ళు. మనం చూసే వ్యవధిలో కదలిక ఆగిపోయినట్టే. ఈ మలుపును గ్లాస్ ట్రాన్సిషన్ అంటారు, తెలుగులో గాజుమార్పు అనుకోవచ్చు. తేమ లేని సుక్రోజ్‌కు అది 60 నుంచి 70 డిగ్రీల మధ్య, కిటికీ అద్దానికి సుమారు 550 డిగ్రీలు, సహజ రబ్బరుకు సున్నాకు 70 డిగ్రీలు కింద. రబ్బరు బ్యాండు సాగడానికీ, కిటికీ అద్దం సాగకపోవడానికీ కారణం ఇదే. మన గది ఉష్ణోగ్రత ఒకదాని గాజుమార్పుకు పైన ఉంది, రెండోదానికి చాలా కింద ఉంది.

మంచు కరగడం లాంటి మార్పు కాదిది. మంచు నెమ్మదిగా కరిగించినా గబగబా కరిగించినా సున్నా డిగ్రీల దగ్గరే కరుగుతుంది. గాజుమార్పు అలా ఒకచోట నిలవదు. నెమ్మదిగా చల్లారిస్తే అణువులకు సర్దుకునే సమయం ఎక్కువ దొరికి, మార్పు ఇంకాస్త కింది ఉష్ణోగ్రతకు జరుగుతుంది. వేగంగా చల్లారిస్తే పైనే బిగుసుకుపోతుంది. ఒకే కొలిమిలో ఒకే ముద్దతో చేసిన రెండు గాజు ముక్కలు, చల్లార్చిన తీరును బట్టి సాంద్రతలో కొద్దిగా తేడాగా ఉంటాయి. తన గతాన్ని లోపల దాచుకునే ఘనం ఇది. స్ఫటికానికి అంత గుర్తు ఉండదు.

వంటింట్లో చేసే పళ్ళెం పరీక్షలో జరిగేది ఇదే. పాకాన్ని ఉడికించడమంటే నీటిని తరమడం. నీటి అణువులు చక్కెర అణువుల మధ్య దూరి వాటికి కదిలే చోటిస్తాయి, గాజుమార్పు ఉష్ణోగ్రతను కిందికి లాగుతాయి. ఉండపాకంలో ఇంకా నీరు చాలా ఉంది కాబట్టి దాని గాజుమార్పు పళ్ళెంలోని చన్నీళ్ళ కంటే కిందే ఉంటుంది, ఉండ మెత్తగా వస్తుంది. 150 డిగ్రీల దాకా మరిగితే మిగిలే నీరు ఒకటి రెండు శాతమే. అప్పుడు గాజుమార్పు చన్నీళ్ళ ఉష్ణోగ్రతను దాటి పైకి వెళ్తుంది, ఉండ మోగుతుంది. చెవితో గాజుమార్పును పట్టుకునే ఈ పద్ధతిని ఎవరు కనిపెట్టారో ఏ పుస్తకంలోనూ ఉండదు, కానీ ఏ ప్రయోగశాలా తప్పు పట్టలేని పరీక్ష అది.

వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే పట్టీ జిగురు కట్టడం కూడా ఇందులో భాగమే. తేమ లేని సుక్రోజ్ గాజు గాలిలోని తేమను మూడు శాతం పీల్చుకున్నా దాని గాజుమార్పు పాతిక ముప్పై డిగ్రీలు పడిపోతుంది, గది ఉష్ణోగ్రత దగ్గరికి వచ్చేస్తుంది. బెల్లం పట్టీ ఇంకా త్వరగా లొంగుతుంది. బెల్లంలో సుక్రోజ్‌తో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి. గ్లూకోజ్ గాజుమార్పు సుమారు 30 డిగ్రీలే, ఫ్రక్టోజ్‌ది ఇంకా తక్కువ. ఆ రెండూ వేరే మేలు కూడా చేస్తాయి. వేర్వేరు ఆకారాల అణువులు కలిసి ఉంటే సుక్రోజ్‌కు వరుస కట్టడం కష్టమవుతుంది. గులాబ్ జామూన్ పాకంలో నిమ్మరసం పిండేది అందుకే. పులుపు కొంత సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది, పాకం పలుకు కట్టకుండా నిలుస్తుంది.

లక్క ఇంకో మంచి ఉదాహరణ. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్ళు అంకుడు కర్రను తరిణికి బిగించి తిప్పుతారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని అదిమి పెడతారు. పొయ్యి లేదు, మంట లేదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క మెత్తబడి కర్ర చుట్టూ పల్చటి పొరగా పరుచుకుంటుంది. చేయి తీయగానే మళ్ళీ గట్టిపడి నిగనిగలాడుతుంది. స్ఫటికమైతే ఇలా కుదరదు. కరిగే ఉష్ణోగ్రత వచ్చేదాకా గట్టిగానే ఉండి, వచ్చాక ఒక్కసారిగా నీరై కారిపోయేది. లక్క జీవులు విసర్జించే బంకలాంటి పదార్థం కాబట్టి అది ఒకే అణువు కాదు, రకరకాల అణువుల కలగలుపు. వరుస కట్టే వీలే లేదు. అందుకే గట్టిదనానికీ ద్రవానికీ మధ్య మెత్తగా, చెప్పినట్టు వినే విశాలమైన మెట్టు ఒకటి దానికి ఉంటుంది. చార్మినార్ పక్క లాడ్ బజార్‌లో లక్క గాజులను నిప్పుల మీద వెచ్చబెట్టి చేతి కొలతకు వంచేదీ ఆ మెట్టు మీదే. తెలుగులో చేతికి వేసుకునేదానికీ కిటికీలో ఉండేదానికీ గాజు అని ఒకటే పేరు. లక్క గాజు విషయంలో ఆ పేరు రెండు అర్థాల్లోనూ సరిపోయింది.

ఇక పాతుకుపోయిన అపోహ. గాజు నిజానికి అతి నెమ్మదిగా పారే ద్రవమనీ, యూరప్ పాత చర్చిల కిటికీ అద్దాలు అడుగున మందంగా ఉండడమే అందుకు సాక్ష్యమనీ చాలామంది బడిలోనే చదువుకున్నారు. అద్దాలు కొన్ని అడుగున మందంగా ఉన్నమాట నిజమే. కారణం వేరు. ఆ రోజుల్లో కిటికీ అద్దాన్ని చేసే పద్ధతుల్లో ఒకటి, ఊదిన గాజు బుడగను కడ్డీ చివర గిరగిరా తిప్పి పళ్ళెంలా పరచడం. అలా చేసిన పళ్ళెం మధ్యలో మందంగా, అంచుల్లో పల్చగా వస్తుంది. దాన్ని ముక్కలుగా కోస్తే ప్రతి ముక్కకూ ఒక మందపు వైపు ఉంటుంది. బిగించేటప్పుడు బరువైన వైపు కిందికి పెట్టడం పనివాడికి సహజం. తలకిందులుగా బిగించిన అద్దాలు కూడా ఉన్నాయి, వాటిలో మందం పైన ఉంది. పారే గుణమే ఉంటే అది ఎప్పుడూ కిందే ఉండాలి.

లెక్క కూడా వేశారు. లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోని మధ్యయుగపు గాజు కూర్పునే మళ్ళీ తయారుచేసి, దాని స్నిగ్ధతను కొలిచి, 2017లో ఫలితం ప్రకటించారు. గది ఉష్ణోగ్రత దగ్గర అది పారే వేగం ఎంతంటే, వంద కోట్ల ఏళ్ళకు సుమారు ఒక నానోమీటరు. వెంట్రుక మందంలో దాదాపు లక్షో వంతు. ఆ చర్చి కట్టి వెయ్యేళ్ళు కూడా కాలేదు.

నిజంగా నెమ్మదిగా పారేది ఎలా ఉంటుందో చూడాలంటే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాలి. 1927లో థామస్ పార్నెల్ అనే ప్రొఫెసర్ అక్కడ ఒక గాజు గరాటులో కీలు (ఇంగ్లిషులో పిచ్) పోసి ఉంచాడు. సుత్తితో కొడితే పగిలే నల్లటి గడ్డ అది. దాని స్నిగ్ధత నీటికి సుమారు 23,000 కోట్ల రెట్లు. 2014 దాకా అందులోంచి తొమ్మిది చుక్కలు పడ్డాయి. కీలు గాజుమార్పుకు పైన ఉన్న ద్రవం కాబట్టి పారింది. మే నెల ఎండకు రోడ్డు మీద మెత్తబడి చెప్పులకు అంటుకునే తారు దానికి దగ్గరి చుట్టమే. కిటికీ అద్దం గాజుమార్పుకు 500 డిగ్రీలు కింద ఉంది. రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్ల పిల్లలకు తెలియాల్సింది తెలియకుండా పోతోంది. గాజు ఘనమే. ద్రవపు అమరికతో బిగుసుకుపోయిన ఘనం. ఆ ఒక్క వాక్యం పాఠంలో ఉంటే చాలు.

ఆ బిగుసుకోవడం ఎందుకు జరుగుతుందన్నది మాత్రం ఇంకా తేలలేదు. 1948లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు వాల్టర్ కౌజ్‌మన్ ఒక చిక్కుముడి చూపించాడు. అతిశీతల ద్రవాన్ని చల్లార్చే కొద్దీ దాని ఎంట్రపీ, అంటే లోపలి అస్తవ్యస్తతకు కొలత, స్ఫటికం కంటే వేగంగా తగ్గుతుంది. ఆ గీతను అలాగే కిందికి పొడిగిస్తే, ఒక ఉష్ణోగ్రత దగ్గర ద్రవం ఎంట్రపీ స్ఫటికం కంటే తక్కువైపోవాలి. అస్తవ్యస్తంగా ఉన్నది క్రమబద్ధమైనదాని కంటే క్రమబద్ధం కావడం లాంటిదది. వాస్తవంలో అక్కడికి చేరేలోపే గాజుమార్పు వచ్చి అడ్డుపడుతుంది. అడ్డుపడడం కాకతాళీయమా, లేక అడుగున, మంచు నీరు కావడం లాంటి నిజమైన దశామార్పు ఒకటి దాగి ఉందా? అస్ఫటిక పదార్థాల్లో ఎలక్ట్రాన్ల ప్రవర్తనపై చేసిన పనికి 1977లో నోబెల్ పంచుకున్న ఫిలిప్ ఆండర్సన్, ఘనస్థితి సిద్ధాంతంలో మిగిలిన లోతైన సమస్య బహుశా ఇదేనని 1995లో రాశాడు. 2021 నోబెల్ అందుకున్న జార్జియో పరిసీ, అయస్కాంత గాజుల (పరమాణువుల అయస్కాంత దిక్కులు క్రమం లేకుండా బిగుసుకుపోయిన పదార్థాల) కోసం కట్టిన గణితం ఈ ప్రశ్నకూ పనికొస్తోంది. సమస్య ఇంకా తెరిచే ఉంది.

ఏ ద్రవాన్నయినా తగినంత వేగంగా చల్లారిస్తే గాజు చేయవచ్చన్నది సూత్రం. చక్కెరకు పీచుమిఠాయి యంత్రం చాలు. లోహాల దగ్గరే ఇబ్బంది. లోహపు పరమాణువులు గోళీల్లాంటివి, తిరగాల్సిన కోణం లేదు, చల్లారిన మరుక్షణం వరుస కట్టేస్తాయి. 1960లో అమెరికాలోని కాల్‌టెక్‌లో పోల్ డ్యూవెజ్ బృందం బంగారం, సిలికాన్ కలిపిన మిశ్రమాన్ని సెకనుకు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి మొదటి లోహగాజును సాధించింది. వచ్చింది పల్చటి రేకు ముక్కే. తర్వాత మందమైనవి చేయడానికి దారి దొరికింది. నిమ్మకాయలనే పేర్చమంటే బండి మీద గోపురంలా అందంగా పేర్చవచ్చు. నిమ్మకాయలు, బత్తాయిలు, ఉసిరికాయలు, పుచ్చకాయలు కలిపి ఇచ్చి పేర్చమంటే వరుస కుదరదు. అలాగే పరిమాణాల్లో తేడా ఉన్న నాలుగైదు లోహాలను కలిపితే స్ఫటికం కట్టడం నిదానిస్తుంది. జపాన్‌లో అకిహిసా ఇనోయె, అమెరికాలో విలియం జాన్సన్ ఈ దారిలో నడిచారు. 1990ల మొదట్లో జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియం కలిపి చేసిన మిశ్రమం సెకనుకు ఒకటి రెండు డిగ్రీల వేగంతో చల్లారినా గాజుగానే మిగిలింది.

లోహగాజు ఎక్కువగా పనిచేస్తున్న చోటు మన వీధి చివరే ఉండవచ్చు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప గుండె మామూలుగా సిలికాన్ స్టీలు రేకులతో చేస్తారు. సెకనుకు 100 సార్లు అందులోని అయస్కాంతత్వం దిక్కు మారుతుంది. స్టీలులో స్ఫటిక రేణువులు, వాటి మధ్య సరిహద్దులు ఉంటాయి. దిక్కు మారిన ప్రతిసారీ ఆ సరిహద్దుల దగ్గర తట్టుకుని కొంత శక్తి వేడిగా పోతుంది. అర్ధరాత్రి ఊళ్ళో ఒక్క మోటారూ తిరగకపోయినా ఈ నష్టం ఆగదు, ట్రాన్స్‌ఫార్మర్ లైనుకు కలిపి ఉన్నంతసేపూ సాగుతుంది. ఇనుము, సిలికాన్, బోరాన్ కలిపిన కరుగును గిర్రున తిరిగే రాగి చక్రం మీద చిమ్మితే సుమారు 25 మైక్రాన్ల మందంతో పొడవాటి రిబ్బను వస్తుంది. అందులో రేణువులు లేవు, సరిహద్దులు లేవు. పైగా పల్చన కాబట్టి లోహం లోపలే సుళ్ళు తిరిగే సుడి విద్యుత్తు నష్టమూ తక్కువ. అలా చేసిన గుండెతో ఖాళీగా ఉన్నప్పటి నష్టం 60 నుంచి 70 శాతం దాకా తగ్గుతుంది. లోపాలూ ఉన్నాయి. రిబ్బను పెళుసు. అది పట్టగలిగే అయస్కాంత బలం స్టీలు కంటే తక్కువ కాబట్టి గుండె పెద్దదవుతుంది, ధర పెరుగుతుంది. అయినా ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు ఆదా అయ్యే కరెంటుతో పోలిస్తే ఆ ఖర్చు పెట్టదగినదే.

వేగంగా చల్లార్చే ఈ విద్యలో భారతదేశంలో మొదట పనిచేసినవారిలో కృష్ణా జిల్లాకు చెందిన లోహశాస్త్రజ్ఞుడు పచ్చా రామచంద్రరావు ఒకరు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించి, చివరికి అక్కడే వైస్ ఛాన్సలర్ అయ్యారు. జంషెడ్‌పూర్ జాతీయ లోహ పరిశోధనశాలను నడిపారు. 1982లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు డాన్ షెక్ట్‌మన్ వేగంగా చల్లార్చిన అల్యూమినియం, మాంగనీస్ మిశ్రమంలో ఒక వింత చూశాడు. చుక్కలు స్ఫటికానివిలా పదునుగా ఉన్నాయి, కానీ అమరిక ఎక్కడా మళ్ళీ మళ్ళీ రావడం లేదు. అది 1984లో అచ్చయింది. మరుసటి ఏడాదే రామచంద్రరావు, జి.వి.ఎస్. శాస్త్రి మెగ్నీషియం, జింక్, అల్యూమినియం మిశ్రమంలో అలాంటి క్వాసీ క్రిస్టల్‌ను చేసి చూపారు. ఏ మిశ్రమాల్లో వెతకాలో ఒక తర్కం కూడా ఇచ్చారు. ఈ పదార్థాల వల్ల స్ఫటికం అనే మాటకే నిర్వచనం మార్చాల్సి వచ్చింది. 1992లో అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సంఘం, మళ్ళీ మళ్ళీ వచ్చే అమరిక అనే షరతు వదిలేసి, పదునైన చుక్కలిచ్చే ఘనం అని రాసుకుంది. అస్ఫటికం అనే మాటకు గీసిన గీత కూడా దాంతో పాటే పక్కకు జరిగింది.

హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల పరిశ్రమకు ఈ గీత రోజువారీ వ్యవహారం. కొత్తగా కనిపెట్టే మందుల్లో చాలావాటికి ఒక చిక్కుంది, నీటిలో సరిగ్గా కరగవు. స్ఫటికంలో అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి నీరు వాటిని విడదీయలేదు. అదే మందును అస్ఫటికంగా చేస్తే పట్టు వదులై ఎక్కువగా, త్వరగా కరుగుతుంది. తామరకు వాడే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ విప్పి చూస్తే లోపల ఆవగింజల్లాంటి చిన్న గుళికలు కనిపిస్తాయి. చక్కెర గుళికల మీద మందును ఒక పాలిమర్‌తో కలిపి పొరగా పట్టిస్తారు. ఆ పొరలో మందు స్ఫటికంగా ఉండదు. పాలిమర్ పని రెండు రకాలు. గాజుమార్పు ఉష్ణోగ్రతను పైకి నెట్టడం ఒకటి, మందు అణువులు ఒకదాన్నొకటి వెతుక్కుని వరుస కట్టకుండా మధ్యలో నిలవడం రెండోది. పట్టీ డబ్బాకు పొంచి ఉన్న ప్రమాదమే దీనికీ ఉంది. తేమ చేరితే గాజుమార్పు దిగజారుతుంది, అణువులు కదులుతాయి, మందు స్ఫటికంగా మారి కరగడం మానేస్తుంది. అందుకే నిల్వ ఉష్ణోగ్రత గాజుమార్పుకు కనీసం 50 డిగ్రీలు కింద ఉండాలన్నది ఆ రంగంలో వాడుక సూత్రం.

కాలం గాజును ఏమీ చేయదా అంటే, చేస్తుంది. పారించదు, బిగిస్తుంది. గాజుమార్పుకు కింద కూడా అణువులు అతి నెమ్మదిగా, ఉన్నచోటే సర్దుకుంటూ కొంచెం కొంచెంగా దగ్గరవుతాయి. దీన్ని భౌతిక వార్ధక్యం అంటారు. దీన్ని కొలవాలంటే మనిషి ఆయుష్షు చాలదు కాబట్టి, టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికిన అంబర్‌ను తీసుకున్నారు. చెట్టు బంక గట్టిపడి మట్టిలో 2 కోట్ల ఏళ్ళు ఉన్నది. లక్కలాగే స్ఫటికం కట్టని బంక. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు కొలిచారు. తర్వాత గాజుమార్పు దాటేదాకా వేడి చేసి, పాత జ్ఞాపకం చెరిపి, చల్లార్చి మళ్ళీ కొలిచారు. 2013లో అచ్చయిన ఆ కొలతల ప్రకారం, 2 కోట్ల ఏళ్ళలో ఆ అంబర్ పొందిన సాంద్రత సుమారు 2 శాతం.